చూపుల కూడలిలో శనగగింజ

తిరుపతిలో గోవిందరాజస్వామి ఆలయం ఎదుట నిలబడి గోపురం కేసి సూటిగా చూడండి. తల తిప్పకపోయినా ఎడమ పక్కన పూలంగడి, కుడి పక్క నుంచి వచ్చే ఆటో లీలగా కనిపిస్తూనే ఉంటాయి. ఇలా తల కదల్చకుండా కనిపించేంత మేరను దృష్టి క్షేత్రం అంటారు.

గోపురం మాత్రం కనిపించి, అంగడీ ఆటో రెండూ మాయమైతే? అలాంటి రోగులు ఉన్నారు. కళ్ళజోడు మార్చినా వారికి ఫలితం ఉండదు. ఎందుకంటే లోపం కంటిలో లేదు, కంటి వెనుక ఉంది.

నాడులు కలిసే చోటు

మెదడు అడుగున, ముక్కు వెనుక, ఎముకలోని చిన్న గుంటలో పీయూష గ్రంథి ఉంటుంది. అది శనగగింజంత, బరువు సుమారు అర గ్రాము. మన ఎదుగుదలను, ఇతర గ్రంథులను అదుపు చేసేది ఇదే. దీనికి సుమారు ఒక సెంటీమీటరు పైన రెండు కళ్ళ దృక్ నాడులు కలుసుకుంటాయి. ఆ కూడలి పేరు ఆప్టిక్ కయాస్మా.

ప్రతి కంటిలోనూ నేత్రపటలం ముక్కు వైపు సగం నుంచి వచ్చే తంతువులు ఈ కూడలిలో అవతలి పక్కకు దాటిపోతాయి. చెవి వైపు సగానివి దాటవు. కంటి కటకం బొమ్మను తారుమారు చేస్తుందని చదివారు కదా! కనుక ముక్కు వైపు సగం చూసేది బయటి పక్క దృశ్యాన్ని. గ్రంథిలో కణితి పెరిగి పైకి నెట్టినప్పుడు దాటే తంతువులు నలుగుతాయి. అందుకే రెండు పక్కలా చూపు పోతుంది.

ముక్కు దారిన చికిత్స

కొన్ని కణితులు మాత్రలతోనే కుంచించుకుపోతాయి. చూపును నొక్కే మిగతావాటిని చాలావరకు ముక్కు రంధ్రం గుండా తొలగిస్తారు. ఈ దారిని 1907లో ఆస్ట్రియాలో హెర్మన్ ష్లోఫర్ అనుసరించాడు. మన దేశంలో తొలి నాడీ శస్త్రచికిత్స విభాగాన్ని 1949లో డాక్టర్ జాకబ్ చాండీ ప్రారంభించింది చిత్తూరుకు పొరుగున ఉన్న వేలూరులోనే. తిరుపతిలో 1993లో మొదలైన స్విమ్స్‌లోనూ ఇప్పుడు ఈ విభాగం ఉంది.

“ఎన్ని వేళ్ళు?”

మత్తు దిగగానే రోగిని నర్సు అడిగే ప్రశ్న ఇది. మొదటి రోజు పదేపదే అడుగుతుంది. విసుగనిపించినా ఆ ప్రశ్నే చూపుకు కాపలా. కణితి తీసిన చోట రక్తం చేరి గడ్డకడితే నాడులను మళ్ళీ నొక్కుతుంది. కాసేపటి క్రితం కనిపించిన వేళ్ళు ఇప్పుడు కనిపించకపోతే వెంటనే స్కానింగ్ తీసి, అవసరమైతే మళ్ళీ తెరిచి ఆ రక్తపు గడ్డను తొలగిస్తారు. ఇక్కడ ప్రతి గంటా విలువైనదే. దృక్ నాడికి రక్తం అందించే సన్నని నాళాలు దెబ్బతింటే మాత్రం ఆ నష్టాన్ని సరిదిద్దడం కష్టం. అందుకే శస్త్రచికిత్స చేసేటప్పుడే వాటిని జాగ్రత్తగా కాపాడతారు.

కొందరికి ఒక వస్తువు రెండుగా కనిపిస్తుంది. కంటి కండరాలను నడిపే నాడులు గ్రంథికి ఇరుపక్కలా పోతుండడమే కారణం. ఒక కన్ను మూసి కట్టు కడితే ఇబ్బంది తగ్గుతుంది. చాలామందికి వారాలు, నెలల్లో ఇది సర్దుకుంటుంది.

చాలామందికి చూపు మెరుగవుతుంది. కొందరికి మరునాటికే తేడా తెలుస్తుంది. ఆ మెరుగుదల నెలల తరబడి సాగవచ్చు. అయితే ఏళ్ళ తరబడి నలిగిన నాడి పూర్తిగా కోలుకోదు. పైగా కణితి మళ్ళీ పెరగవచ్చు. అందువల్ల శస్త్రచికిత్సకు ముందే దృష్టి క్షేత్రాన్ని పటంగా గీసి ఉంచుకుని, తర్వాత కొన్నేళ్ళపాటు కొత్త పటాలతో పోల్చి చూస్తారు.

చేసి చూడండి

మిత్రునికి ఎదురుగా ఒక మీటరు దూరంలో కూర్చోండి. మీరు ఎడమ కన్ను, అతను కుడి కన్ను మూయాలి. ఒకరి కన్ను ఒకరు చూస్తుండగా, ఇద్దరికీ నడుమ మీ వేలిని పక్క నుంచి మెల్లగా లోపలికి తీసుకురండి. ఇద్దరికీ దాదాపు ఒకేసారి కనిపించాలి. వైద్యులు మొదట చేసే పరీక్ష కూడా ఇలాంటిదే. అయితే మీ ఆటతో రోగనిర్ణయం చేయకండి.

మీ ఇంట్లో అవ్వో తాతో తరచుగా పక్కనున్న గడపకు, తలుపుకు తగులుకుంటున్నారా? “చత్వారంలే” అని ఊరుకోకండి. కంటి వైద్యునికి చూపించి, దృష్టి క్షేత్రం కూడా పరీక్షించమని అడగండి. చూపు ఎంత దక్కుతుందనేది ఎంత త్వరగా వెళ్ళారనే దానిమీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది.