గుడిలో దొరికిన క్షమ ఇంటికి చేరిందా?



ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం చేయాలని 1215లో నాల్గవ లాతరాను మహాసభ నియమించింది. తపస్సుకాలంలో మనలో చాలామంది ఈ నియమాన్ని పాటిస్తాం. గురువు పాపవిమోచనం ఇచ్చి, ప్రాయశ్చిత్తంగా మూడు మంగళవార్త జపాలు చెప్పమంటే, అవి చెప్పి అంతా తీరిపోయిందనుకుంటాం.

ఒక ఇంటిని ఊహించండి. చీటీ కట్టడానికి భార్య దాచిన డబ్బు తీసి భర్త తాగేశాడు. డబ్బేమైందని తల్లి కోడలిని నిలదీస్తుంటే నోరు మెదపలేదు. పుట్టింటికి పంపిందన్న నింద ఆమె మీద పడింది. శనివారం సాయంత్రం అతడు నిజమైన పశ్చాత్తాపంతో పాపసంకీర్తనం చేశాడు. దేవుడు క్షమించాడు, సందేహం లేదు. మరి ఆమె మీది నింద?

పాపవిమోచనం పాపాన్ని తొలగిస్తుంది గాని, పాపం చేసిన నష్టాన్నంతా సరిదిద్దదని కతోలిక శ్రీసభ సత్యోపదేశం (1459) బోధిస్తున్నది. దొంగిలించినది తిరిగి ఇవ్వాలి. చెడిన పేరును నిలబెట్టాలి. జక్కయ్య తాను మోసగించిన వారికి నాలుగంతలు ఇస్తానన్నది తన ఇంట్లోనే, అందరి ఎదుటే (లూకా 19).

పాపసంకీర్తనంలో విన్నది గురువు ఎన్నడూ బయటపెట్టరాదు. కనుక ఆమె నిర్దోషి అని ఆ ఇంట్లో చెప్పగలిగినవాడు భర్త ఒక్కడే.

ఈసారి ఆత్మశోధనలో ఈ ప్రశ్న కూడా చేర్చుకోండి: నా పాపానికి నా ఇంట్లో ఎవరు నింద మోస్తున్నారు? “అమ్మా, ఆ డబ్బు తీసింది నేనే” అనడం మూడు జపాల కంటే కష్టం. అయినా ఆ మాట ఈ రాత్రే చెప్పండి.