సరదానా, ఎగతాళా?

మొన్న సాయంత్రం మా నాలుగో తరగతి మనవడు బూట్లు విప్పుకుంటూ ఒక కబురు చెప్పాడు. క్లాసులో కొత్తగా కళ్లద్దాలు పెట్టుకొచ్చిన అబ్బాయిని వీళ్లంతా 'సోడాబుడ్డి' అని పిలిచారట. ఆ పిల్లాడు మధ్యాహ్నం సగం అన్నం తిని బాక్సు మూసేశాడట. "అదేంట్రా?" అంటే, "జస్ట్ ఫన్ నానమ్మా!" అన్నాడు.

ఈ 'ఫన్' పుట్టుకే అంత మంచిది కాదు. పదిహేడో శతాబ్దం చివర ఇంగ్లీషులో ఆ మాటకు మోసగించడం, బురిడీ కొట్టించడం అనే అర్థం ఉండేది. సరదా అనే అర్థం ఆ తర్వాతి శతాబ్దంలో స్థిరపడింది. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో ఆట, కేరింత అని అర్థమిస్తూనే, ఇది తక్కువరకం వాడుక మాట అని రాశాడు. పాత వాసన ఇప్పటికీ పోలేదు. 'హ్యావ్ ఫన్' అంటే సరదాగా గడపడం, 'మేక్ ఫన్ ఆఫ్' అంటే ఎగతాళి చేయడం. పక్కన చేరిన మాటను బట్టి అర్థం తిరగబడుతుంది. మన పిల్లలు ఆ పక్కమాటలు వదిలేసి ఉత్త 'ఫన్' ఇంటికి తెస్తున్నారు. పిక్నిక్కూ ఫన్నే, తోటివాణ్ని ఏడిపించడమూ ఫన్నే. బాగా ఆడుకున్న రోజును 'ఫన్నీ' అంటారు కూడా. ఫన్నీ అంటే నవ్వు పుట్టించేది, ఒక్కోసారి తేడాగా ఉన్నది. అది చిన్న పొరపాటే, నెమ్మదిగా దిద్దితే చాలు.

తెలుగులో సరదా వేరు, సంబరం వేరు, ఆటపట్టించడం వేరు, వెక్కిరింత వేరు. బావామరదళ్లు ఆటపట్టించుకుంటే ఇద్దరూ నవ్వుతారు. వెక్కిరింతలో అవతలివాడికి నవ్వే వీలుండదు. అందుకే పిల్లాడు 'ఫన్' అన్నప్పుడు కసరకండి. "సరదానా, ఎగతాళా?" అని అడగండి. "వాడూ నవ్వాడా?" అని కూడా అడిగి, కాసేపు ఆగండి. మా వాడు ఆ రెండో ప్రశ్నకు బదులు చెప్పలేదు. సాక్సు చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. నేనూ ఇంకేమీ అనలేదు.

మరొక్క మాట, ఇది పెద్దవాళ్లకి. చుట్టాల ముందు పిల్లల రంగు మీద, లావు మీద మాట విసిరి 'ఊరికే సరదాకన్నాం' అంటుంటాం కదా, దయచేసి అది మానండి.