ఇది జోనంగి కుక్కేనా?

ఆ రోజు సాయంత్రం మా చదువుల కేంద్రానికి ఒక అక్క కుక్కపిల్లను ఎత్తుకొని వచ్చింది. మండవల్లి రైలు స్టేషను దగ్గర వానలో తడుస్తూ కనిపించిందట. తల్లి జాడ లేదు.

"పెంచుకుందామనుంది పంతులమ్మా. మా ఆయన వద్దంటన్నారు. ఏ జాతిదో తెలీదు, పిల్లలున్న ఇల్లు, కరిస్తే ఎలా అని" అంది.

అందరూ చుట్టూ చేరారు.

"నుదుటి మీద ముడతలు చూడండి. బొచ్చు కూడా పొట్టిదే. ఇది జోనంగే!" అంది ఒక పిన్ని.

"చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఊరకుక్క" అంది ఇంకొకామె.

"తోక కుచ్చులా ఉంది. బొచ్చుకుక్క కలిసిందేమో" అంది మూడో ఆమె.

జోనంగి అంటే ఏమిటి? అది మన కొల్లేటి ప్రాంతపు కుక్క. కొల్లేటి జాగిలం అని కూడా అంటారు. దాని బొచ్చు పొట్టిగా, నున్నగా ఉంటుంది. మామూలు కుక్కలా మొరగదు. రాగం తీసినట్టు అరుస్తుంది. నేల తవ్వి ఆ గుంటలో పడుకుంటుంది. వెనక బాతులు మేపేవాళ్లు మందను తోలడానికి ఈ కుక్కలను పెంచేవారు. చేపల చెరువులు పెరిగాక వీటి అవసరం తగ్గింది.

మరి మన పిల్ల జోనంగేనా? చూసి చెప్పలేం. మన ఇళ్లలోనే చూడండి. ఒక తల్లి పిల్లల్లో ఒకరికి నాన్న ముక్కు వస్తుంది. ఒకరికి అమ్మమ్మ రంగు వస్తుంది. కుక్కల్లో అయితే ఒకే ఈతలో పుట్టిన పిల్లలకు తండ్రులు వేరుగా కూడా ఉండవచ్చు. అందుకే రూపం చూసి చెప్పే జాతి ఊహే అవుతుంది.

జాతి తెలిసినా గుణం తెలియదు. అమెరికాలో శాస్త్రవేత్తలు 18,000కు పైగా కుక్కల గురించి వివరాలు సేకరించారు. 2022లో ఫలితం చెప్పారు. కుక్కల నడతలో కనిపించే తేడాల్లో జాతి వల్ల వచ్చేవి వందకు 9 పాళ్లే.

అయితే ఏం చూడాలి? పిలిస్తే వస్తుందా? తినేటప్పుడు దగ్గరకు వెళితే గుర్రుమంటుందా? పిల్లలను చూసి బెదురుతుందా? ఇవి చూడాలి. తినే కుక్క దగ్గరకు, నిద్రపోయే కుక్క దగ్గరకు పిల్లలను పోనివ్వకూడదు.

అన్నిటికన్నా ముఖ్యం టీకా. రేబీస్ జబ్బుకు కుక్క జాతితో పని లేదు. ఆ జబ్బు లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. కానీ ముందే జాగ్రత్తపడితే రాకుండా ఆపవచ్చు.

కుక్క కరిచినా, గోరు గీరినా ఇలా చేయండి:

1. వెంటనే సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడగండి.
2. పసుపు, కారం, సున్నం పెట్టవద్దు.
3. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి.
4. డాక్టరు చెప్పిన రోజుల్లో సూదులన్నీ వేయించుకోండి. మధ్యలో మానవద్దు.

చిన్న కుక్కపిల్లే కదా అని ఊరుకోకూడదు.

మర్నాడు అక్క, వాళ్లాయన కలిసి పిల్లను పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరుగారు పళ్లు చూసి, రెండు నెలల పిల్ల అన్నారు. నులిపురుగుల మందు ఇచ్చారు. మూడు నెలలు నిండగానే రేబీస్ టీకా వేయించమన్నారు. తరువాత ఏటా వేయించాలన్నారు. చీటీ మీద జాతి దగ్గర "నాటు" అని రాశారు.

అక్క ఆ చీటీ తెచ్చి మా అందరికీ చదివి వినిపించింది. "జాతి సంగతి ఎలా ఉన్నా, టీకా తేదీ మటుకు నేనే చదువుకున్నా పంతులమ్మా" అంది. ఇంటికి వెళ్లి క్యాలెండరులో ఆ తేదీకి సున్నా చుట్టింది.

చెప్పండి:
1. జోనంగి కుక్కలను వెనక ఎందుకు పెంచేవారు?
2. కుక్క కరిస్తే మొదట ఏం చేయాలి?

రాయండి: మీ వీధిలో ఎవరింట్లో కుక్క ఉంది? దానికి టీకా ఎప్పుడు వేయించారు? అడిగి తేదీ రాయండి.