బండి లాగట్లేదు సార్!

ప్రశ్న: నాది 1997 మోడల్ మారుతి 800. ఊళ్లో తిరిగినంతసేపూ ఏ ఇబ్బందీ ఉండదు. విశాఖ వెళ్దామని హైవే ఎక్కి ముప్పావుగంట పోయేసరికి జర్కులు మొదలవుతాయి. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా నలభై దాటదు. పక్కన ఆపి టీ తాగి వస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ పరుగెడుతుంది. ప్లగ్గులు, పాయింట్లు మార్పించాను. కార్బొరేటర్ రెండుసార్లు విప్పి కడిగారు. ఇప్పుడు ఇంజన్ బోరు చేయించమంటున్నారు. చేయించనా?
- ఒక ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: వద్దు. రింగులు అరిగిన ఇంజన్ పొద్దున్నా, సాయంత్రమూ ఒకేలా నీరసంగా ఉంటుంది. ఆయిల్ తాగుతుంది, నీలం పొగ వదులుతుంది. మీరు టీ తాగి వచ్చేలోగా రింగులు బాగుపడవు కదా!

మీ ఉత్తరంలోనే సగం జవాబుంది. దూరం పోయాకే వస్తోంది, వేడెక్కాకే వస్తోంది, కాసేపు ఆపితే పోతోంది. అంటే పెట్రోలు అందకపోవడమైనా కావాలి, వేడికి ఇగ్నిషన్ కాయిల్ చేతులెత్తేయడమైనా కావాలి. ఏదో తేలాలంటే బండి మొరాయిస్తున్నప్పుడే చూడాలి. షెడ్డుకు చేరేసరికి అది చల్లబడి బుద్ధిగా నిలబడుతుంది. మెకానిక్‌కు కనిపించేది బాగున్న బండి. ఇక ఆయన ఊహించి ఒక్కో పార్టూ మారుస్తూ పోతాడు, బిల్లు మీరు కడుతూ పోతారు.

ఈసారి పవర్ పడిపోతుండగా చోక్ నాబ్ సగం బయటికి లాగండి. చోక్ గాలిని తగ్గించి మిశ్రమాన్ని చిక్కబరుస్తుంది. దాంతో ఇంజన్ తేరుకుంటే పెట్రోలు చాలడం లేదన్నమాట. తేరుకోకుండా ఇంకా ముక్కితే స్పార్కు వైపు చూడాలి. పడిపోయే తీరూ గమనించండి. పెట్రోలు కరువైతే జర్కులిస్తూ నెమ్మదిగా నీరసిస్తుంది. స్పార్కు పోతే ఠక్కున పోతుంది, ఒక్కోసారి సైలెన్సర్‌లో ఢామ్మంటుంది.

పెట్రోలు వైపని తేలితే ముందు పైసా ఖర్చులేని పరీక్ష చేయండి. ఆపగానే ట్యాంకు మూత తీయండి. గాలి బుస్సున లోపలికి పోయి, వెంటనే బండి మామూలుగా పరుగెడితే దోషం మూతది, లేదా ట్యాంకు గాలిగొట్టానిది. పెట్రోలు ఖాళీ అయిన చోటికి గాలి రావాలి. దారి మూసుకుపోతే లోపల శూన్యం ఏర్పడి పంపు ఎంత లాగినా పెట్రోలు కదలదు. పాత మూత పోయిందని ఏదో ఒకటి బిగించి ఉంటే దానికి గాలిరంధ్రం ఉందో లేదో కూడా చూసుకోండి. ఎండలో నిలబెట్టిన బండిలో గాలి బయటికి తన్నడం మామూలే, దానికి కంగారు పడకండి.

మూత బాగానే ఉంటే నా అనుమానం ట్యాంకు అడుగు మీద. ఇన్నేళ్ల ట్యాంకులో తుప్పూ మడ్డీ లేకపోతేనే ఆశ్చర్యం. హైవే మీద పంపు గట్టిగా లాగుతుంటే ఆ మడ్డి వెళ్లి పెట్రోలు గొట్టం మొదట్లో ఉండే జాలీకి అతుక్కుంటుంది. ఇంజన్ ఆపగానే లాగుడు ఆగి, రాలి కిందికి దిగుతుంది. మీ టీ విరామానికి ఇది అచ్చంగా సరిపోతుంది. ఊళ్లో పెట్రోలు అవసరం తక్కువ కాబట్టి అక్కడ బయటపడదు. జబ్బు బండి వెనక ఉంటే ముందున్న కార్బొరేటర్‌ను ఎన్నిసార్లు కడిగి ఏం లాభం? ఇంజన్ దగ్గరున్న చిన్న ఫిల్టర్ మార్పించి, పాతదాన్ని తెల్లకాగితం మీద దులపండి. ఎర్రటి పొడి రాలితే ట్యాంకు దింపి కడిగించాల్సిందే.

ఎండాకాలంలోనే ఎక్కువగా వస్తోందా? మీ బండిలో పెట్రోలు పంపు ఇంజన్‌కే బిగించి ఉంటుంది. ఆ వేడికి గొట్టంలోనే పెట్రోలు ఆవిరైతే పంపు ఆవిరిని లాగుతూ కూర్చుంటుంది. తడిగుడ్డ పిండి పంపు మీద, గొట్టం మీద వేయండి. సైలెన్సర్ వైపు నీళ్లు పడనీయకండి. రెండు మూడు నిమిషాల్లో సర్దుకుంటే కారణం దొరికినట్టే.

చోక్ లాగినా ఫలితం లేకపోతే కాయిల్, కండెన్సర్. బండి ఆగిన వెంటనే, వేడి మీదే, ఒక విడి ప్లగ్గును వైరుకు తగిలించి, దాని లోహపు భాగం ఇంజన్‌కు ఆనించి సెల్ఫ్ కొట్టించాలి. నీలంగా టకటకా కొడితే సరే. పసుపుగా సన్నగా వస్తే, అసలు రాకపోతే, దొంగ దొరికాడు. ఇది తెలిసినవాళ్ల చేత చేయించండి, పెట్రోలు గొట్టం విప్పి ఉన్నప్పుడు మాత్రం ఎవరూ చేయకూడదు.

ప్రశ్న: 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వల్లే పాత బండ్లన్నీ పికప్ కోల్పోతున్నాయని మా మెకానిక్ అంటాడు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: సగం నిజం. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. ఆ లెక్కన 20 శాతం కలిపితే లీటరుకు 6, 7 శాతం శక్తి తగ్గుతుంది. కానీ ఆ తగ్గుదల రోజూ ఒకేలా ఉంటుంది. కాసేపు పోయి కాసేపు రాదు. మీ బండి పికప్ వస్తూ పోతూ ఉంటే నేరుగా దీన్ని తిట్టలేం.

చాటుగా మాత్రం ఇది పని చెబుతుంది. పాత రబ్బరు గొట్టాలు, వాషర్లు ఇథనాల్‌కు ఉబ్బుతాయి, మెత్తబడతాయి. ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న మడ్డి కదిలి ఫిల్టర్‌లో చేరుతుంది. ఇథనాల్ తేమను కూడా పీలుస్తుంది కాబట్టి నెలల తరబడి కదలని బండిలో నీటి బెడద. గొట్టాలు కొత్తవి వేయించండి, ఫిల్టర్ త్వరత్వరగా మార్పించండి.

ప్రశ్న: మా పాత బొలేరో పాడేరు ఘాట్ ఎక్కేటప్పుడు పవర్ పోయి ఆగిపోతుంది. బానెట్ ఎత్తి చేత్తో పంపు కొడితే మళ్లీ స్టార్టై నాలుగైదు కిలోమీటర్లు పోతుంది. కింద ఎక్కడా డీజిల్ కారడం లేదు.
- ఒక డ్రైవర్, చోడవరం

జవాబు: కారకపోవడమే అసలు ఆనవాలు! ట్యాంకు నుంచి పంపు వరకూ ఉన్న గొట్టంలో డీజిల్‌ను తోయడం ఉండదు, లాగడమే. అక్కడ చీలిక ఉంటే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. మీ భాషలో ఎయిర్ పట్టడం. ఘాట్‌లో ట్యాంకు కిందికి, ఇంజన్ పైకి ఉంటాయి, ఫుల్ లోడు మీద డీజిల్ ఎక్కువ కావాలి, కాబట్టి అక్కడే బయటపడుతుంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు తక్కువగా వస్తోందేమో గుర్తు చేసుకోండి.

ఫిల్టర్ దాటాక, పంపుకు ముందు అరగజం పారదర్శక గొట్టం తాత్కాలికంగా వేయించి, ఇంజన్ రేస్ చేసి చూడండి. బుడగలు కనిపిస్తే వెనక్కి వెతుక్కుంటూ పోవాలి: క్లిప్పులు, ఎండి పగిలిన గొట్టం, ఫిల్టర్ వాషర్, చివరికి ఆ చేతి పంపు కూడా. బుడగలు లేకుండా ధార సన్నబడితే ఫిల్టరో, ట్యాంకులో జాలీయో మూసుకుపోయింది. ఫిల్టర్ అడుగున నీళ్లు వదలడం ఎలాగూ చేయాలి, వానాకాలంలో మరీను.

ప్రశ్న: 2012 డీజిల్ స్విఫ్ట్. ఓవర్‌టేక్ చేయబోతే ఒక్కసారిగా చచ్చుబడి, పసుపు ఇంజన్ లైటు వెలుగుతుంది. ఆపి తాళం తీసి మళ్లీ తిప్పితే మామూలే. టర్బో మార్చాలన్నారు.
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: స్కాన్ చేయకుండానే అన్నారా? అయితే ఇంకో షెడ్డు చూసుకోండి. ఏదో లెక్క తప్పిందని గ్రహించి, ఇంజన్ పాడవకుండా కంప్యూటరే పవర్ కోసేస్తోంది. దీన్నే లింప్ మోడ్ అంటారు. కారణం తాలూకు కోడ్ మెమరీలో మిగులుతుంది. అది చదివించేదాకా బ్యాటరీ వైరు పీకకండి, ఆధారం చెరిగిపోవచ్చు.

ఇంకో మాట. కోడ్‌లో ఫలానా సెన్సర్ పేరు వచ్చిందని ఆ సెన్సర్‌నే మార్చేస్తుంటారు. గాలి ఒత్తిడి తక్కువుందని సెన్సర్ నిజమే చెబుతూ ఉండొచ్చు. టర్బో నుంచి గాలి తీసుకెళ్లే రబ్బరు గొట్టం చీలిందేమో చూడండి, చీలిక చుట్టూ ఆయిల్ మరక ఉంటుంది, తొక్కినప్పుడు ఈల వినిపిస్తుంది. డీజిల్ ఒత్తిడి తక్కువని వస్తే ముందు ఫిల్టర్. పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్‌కు మసి పట్టడం కూడా ఈ వయసు బండ్లలో మామూలే. టర్బో సంగతి వీటన్నిటి తర్వాత.

ప్రశ్న: ఎత్తు ఎక్కేటప్పుడు మా పాత అంబాసిడర్ ఇంజన్ గట్టిగా అరుస్తుంది, బండి మాత్రం కదలదు.
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: అరుస్తోందంటే ఇంజన్‌లో పవర్ ఉన్నట్టే, అది చక్రాలకు చేరడం లేదు. క్లచ్ ప్లేటు జారుతోంది. ఖాళీ మైదానంలో హ్యాండ్‌బ్రేక్ గట్టిగా వేసి, టాప్ గేరులో పెట్టి, కాస్త రేస్ ఇస్తూ క్లచ్ నెమ్మదిగా వదలండి. ఇంజన్ వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు అయిపోయింది. ఒక్కసారి చూస్తే చాలు, సరదాకి నాలుగుసార్లు చేశారంటే షెడ్డు దాకా వెళ్లడానికి మిగిలిన ప్లేటు కూడా అక్కడే అయిపోతుంది.