అమ్మ నన్ను గుర్తుపట్టడం లేదు – ఎందుకు?



కొంతకాలం క్రిందట మా ఆడవారి వార్డులో డెబ్బై ఏళ్ళు దాటిన ఒక తల్లి ఉండేది. కూతురు రోజూ ఇంటి నుండి గంజి, మెత్తని అన్నం తెచ్చి తినిపించేది. ఒక సాయంత్రం ఆ తల్లి గిన్నె పక్కకు నెట్టేసి, "నువ్వు అచ్చం నా కూతురిలాగే ఉన్నావు. కానీ నా కూతురివి కాదు. దాన్ని ఎక్కడ దాచారు?" అని అడిగింది. కూతురు వరండాలోకి వచ్చి, "సిస్టరుగారూ, ఇన్నేళ్ళు చేసినదానికి ఇదా ఫలితం?" అని ఏడ్చింది. చూడవచ్చిన బంధువుల్లో ఒకరు గాలి సోకిందన్నారు. మరొకరు కూతురు సరిగా చూడకపోబట్టే తల్లి మనసు విరిగిందన్నారు. రెండూ నిజం కాదు. జబ్బు చేసింది ఆమె మెదడుకు. ఈ సంచికలో దాని గురించి తెలుసుకుందాము.

మనిషిని గుర్తుపట్టడం ఎలా జరుగుతుంది?

మనకు ఇది ఒకే పని అనిపిస్తుంది. కానీ మెదడులో చాలా భాగాలు కలిసి ఈ పని చేస్తాయి. ఒక భాగం ముఖాన్ని పోల్చుకుంటుంది. ఒక భాగం ఆ మనిషి పేరును, పాత సంగతులను అందిస్తుంది. మరొక భాగం "ఈమె నా మనిషి" అనే ఆప్యాయతను పుట్టిస్తుంది. వీటిలో ఏది దెబ్బతిన్నదో దానిని బట్టి లక్షణం మారుతుంది.

1. ముఖం తెలియకపోవడం: పక్షవాతం వల్ల గాని, తలకు దెబ్బ తగలడం వల్ల గాని మెదడు అడుగు భాగం, ముఖ్యంగా కుడివైపు, దెబ్బతింటే కన్ను బాగానే ఉన్నా ముఖం ఎవరిదో తెలియదు. గొంతు వినగానే మాత్రం పోల్చుకుంటారు. జర్మనీ దేశపు వైద్యుడు బోడామర్ 1947లో దీనికి ప్రోసోపాగ్నోసియా అని పేరు పెట్టారు.

2. మనిషినే మరచిపోవడం: ఆల్జీమర్స్ వంటి మతిమరుపు జబ్బులలో ఇటీవలి సంగతులు ముందు పోతాయి, పాతవి కొంతకాలం నిలుస్తాయి. తల్లి మనసులో కూతురు ఇంకా బడికి వెళ్ళే పిల్లే. ఎదుట నిలబడిన యాభై ఏళ్ళ మనిషిని చూసి "అక్కా" అనో, "అమ్మా" అనో పిలుస్తుంది.

3. మనిషి మారిపోయిందనుకోవడం: ముఖం తెలుస్తుంది, కానీ ఆప్యాయత పుట్టదు. "అదే ముఖం, కానీ నా మనిషి కాదు, వేషం వేసుకుని వచ్చింది" అని మెదడు తప్పుగా తేల్చుకుంటుంది. ఫ్రాన్సు దేశంలో కాప్‌గ్రా అనే వైద్యుడు, తన తోటి వైద్యునితో కలిసి, 1923లో ఇటువంటి రోగి గురించి వ్రాశారు. అందుకే దీనిని కాప్‌గ్రా సిండ్రోమ్ అంటారు. ఇది ఆల్జీమర్స్‌లోనూ, లూయీ బాడీ డిమెన్షియా అనే మతిమరుపు జబ్బులోనూ, కొన్ని మానసిక వ్యాధులలోనూ కనబడుతుంది. తరచుగా ఇంట్లో అందరికంటే దగ్గరగా ఉండి సేవ చేసేవారినే రోగి అనుమానిస్తాడు. అంటే ఆ మాట మీ సేవలో లోపానికి గుర్తు కాదు.

మద్రాసులో వైద్యం చదివి అమెరికాలో పనిచేసిన డాక్టర్ వి. ఎస్. రామచంద్రన్, మరొకరితో కలిసి, 1997లో ఒక యువకుని గురించి వ్రాశారు. కారు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలిన తరువాత అతడు తల్లిదండ్రులను చూసి వేరేవారని అనేవాడు. కానీ ఫోనులో వారి గొంతు వింటే గుర్తుపట్టేవాడు. చూపు ద్వారా తెగిన బంధం గొంతు ద్వారా నిలిచి ఉన్నదన్నమాట.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

నిన్నటి వరకు బాగున్నవారు ఒక్కసారిగా మనుషులను గుర్తుపట్టకపోతే, దానిని వయసు మీద నెట్టవద్దు. అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి. మూత్రంలో గాని, ఊపిరితిత్తులలో గాని ఇన్‌ఫెక్షన్, రక్తంలో చక్కెర లేక సోడియం తగ్గడం, ఒంట్లో నీరు తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మందులు, మద్యం ఒక్కసారిగా మానేయడం, జారిపడిన తరువాత మెదడు చుట్టూ రక్తం చేరడం – ఇవన్నీ కారణం కావచ్చు. సమయానికి చూస్తే వీటిలో చాలా వాటికి వైద్యం ఉంది. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోను చేయండి.

నెమ్మదిగా వచ్చిన మరుపుకు కూడా పరీక్షలు చేయించాలి. థైరాయిడ్ లోపం, విటమిన్ బి12 లోపం సరిచేయదగినవి. కంటి శుక్లాలు, చెవుడు ఉంటే గుర్తుపట్టడం ఇంకా కష్టమవుతుంది.

ఇంట్లో ఏమి చేయాలి?

• "నేనెవరో చెప్పు చూద్దాం" అని పరీక్షలు పెట్టవద్దు. మీరే "అమ్మా, నేను, నీ పెద్దమ్మాయిని" అని చెప్పండి.
• వాదించవద్దు, ఆధార్ కార్డు చూపించి నిరూపించవద్దు. "నీ కూతురు కనబడక భయపడుతున్నావు కదా, నేను నీ దగ్గరే ఉంటాను" అనండి.
• గదిలోకి వచ్చే ముందే గొంతు వినిపించండి.
• గదిలో వెలుతురు ఉంచండి. కళ్ళజోడు, చెవి మిషను పెట్టండి.
• కోపం పెరిగితే మీరు కాసేపు బయటికి వెళ్ళి, మరొకరిని పంపండి. కొందరు రోగులు ఎదుటివారిని దొంగ అనుకుని కొడతారు. కత్తిపీట, కొడవలి అందుబాటులో ఉంచవద్దు.
• మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు వేయవద్దు. లూయీ బాడీ జబ్బులో మానసిక వ్యాధులకు వాడే కొన్ని మందులు ప్రాణం మీదికి తెస్తాయి.
• తాయెత్తులు, భూతవైద్యం అంటూ తిరిగి రోజులు పోగొట్టవద్దు.
• చూసుకునేవారిని నిందించవద్దు. వారానికి ఒక పూట అయినా మిగిలిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఆ బాధ్యత తీసుకోవాలి.

ఆ కూతురికి మేము ఒక్క మాట చెప్పాము: తెర వెనుక నుండి ముందు పిలిచి, ఆ తరువాత లోపలికి రమ్మని. మరునాడు ఆమె అలాగే "అమ్మా, అన్నం తెచ్చాను" అన్నది. "వచ్చావా తల్లీ" అన్నది ఆ తల్లి. అన్ని రోజులూ అలా జరగలేదు. కొన్ని పూటలు మళ్ళీ కాదు పొమ్మన్నది. కానీ కూతురు వరండాలోకి వచ్చి ఏడవడం మానేసింది. ఆ మాట అంటున్నది అమ్మ మనసు కాదనీ, అమ్మ జబ్బనీ ఆమెకు తెలిసింది.

మీ ఇంట్లో ఇటువంటివారు ఉంటే సిగ్గుపడి దాచవద్దు. ఓ.పి.కి తీసుకువచ్చి డాక్టరుగారికి చూపించండి. ఇంట్లో ఎలా చూసుకోవాలో అడగాలంటే నర్సింగ్ ఆఫీసుకు రండి, కూర్చుని మాట్లాడుకుందాము.

– నర్సింగ్ సూపరింటెండెంట్