పాయిన్‌సెట్టియాలో తెగుళ్ళు, శరీరధర్మ లోపాలు: క్షేత్రస్థాయి నిర్ధారణ

యుఫోర్బియా పల్చెర్రిమా అనే శాస్త్రీయ నామం గల పాయిన్‌సెట్టియా మెక్సికో ప్రాంతపు మొక్క. ఆముదం, కర్రపెండలం వలెనే ఇదీ యుఫోర్బియేసి కుటుంబానికి చెందినది. 1820వ దశకంలో మెక్సికోలో అమెరికా రాయబారిగా ఉన్న జోయెల్ పాయిన్‌సెట్ దీనిని తన దేశానికి పంపగా, ఆయన పేరే మొక్కకు స్థిరపడింది. ఎర్రగా కనిపించే భాగాలు ఆకర్షక పత్రాలు కావు, రంగు మారిన పుచ్ఛాలు. అసలు పుష్పాలు వాటి మధ్యనున్న చిన్న సయాథియంలలో ఉంటాయి.

ఈ కుండీ మొక్కకు గిరాకీ ప్రధానంగా క్రిస్మస్‌కు ముందరి కొద్ది వారాలలోనే ఉంటుంది. అందువలన నిర్ధారణలో పొరపాటు జరిగితే దానిని దిద్దుకొనే వ్యవధి పెంపకందారునికి మిగలదు. ఆకు మాడినా, కాడ వాలినా వెంటనే శిలీంధ్రనాశిని పిచికారి చేయడం నర్సరీలలో తరచుగా కనిపించే అలవాటు. ఈ మొక్కలో కనిపించే లక్షణాలలో గణనీయమైన భాగం సూక్ష్మజీవుల వలన కలిగేవి కావు. కనుక ఏ మందు కొట్టాలి అన్న ప్రశ్నకు ముందు, ఇది అంటువ్యాధియా, శరీరధర్మ లోపమా అన్నది తేల్చుకోవలసి ఉంటుంది.

వేరు, కాండం మొదలు

పరీక్ష వేరు నుండి ప్రారంభం కావాలి. కుండీలో తేమ ఉన్నప్పటికీ మొక్క మధ్యాహ్నం వడలుతూ ఉంటే దానిని కుండీ నుండి బయటకు తీసి చూడవలెను. వేరును వేళ్ళ మధ్య పట్టి లాగినప్పుడు పైపొర ఊడి, లోపలి దారం వంటి భాగం మాత్రమే మిగిలితే అది పిథియం వేరుకుళ్ళు. అధిక నీరు, మురుగు పోని మిశ్రమం, లవణ సాంద్రత ఎక్కువ కావడం దీనికి దోహదం చేస్తాయి. మట్టిమట్టం వద్ద కాండంపై గోధుమరంగు పొడిమచ్చ ఏర్పడి చుట్టుకొంటే అది రైజోక్టోనియా. వేర్లపై అక్కడక్కడ నల్లని పట్టీలు కనిపిస్తే థీలావియాప్సిస్ నల్లవేరుకుళ్ళుగా అనుమానించాలి.

ఈ విభజన కేవలం పాఠ్యాంశం కాదు. రైజోక్టోనియాపై పనిచేసే కార్బెండజిం పిథియంపై పనిచేయదు. పిథియంకు మెటలాక్సిల్ వంటి మందు అవసరమవుతుంది. కొమ్మ ముక్కలు వేరూనే దశలో మెత్తబడి, దుర్వాసనతో కుళ్ళిపోతే అది పెక్టోబాక్టీరియం అనే బాక్టీరియా పని. అటువంటి ముక్కలను తొలగించి, కత్తులను, బల్లలను శుద్ధి చేయడమే మార్గం.

ఆకులు, పుచ్ఛాలు

ఆకు అడుగున నీరు పట్టినట్లున్న చిన్న మచ్చలు క్రమంగా గోధుమరంగుకు మారి, చుట్టూ పసుపు వలయం ఏర్పడితే అది జాంథోమోనాస్ ఆకుమచ్చ తెగులు. దీనికి కారణమైన పాయిన్‌సెట్టీకోలా అనే రకాన్ని భారతదేశపు శాస్త్రవేత్తలే 1951లో తొలిసారి వర్ణించారు. నీటి తుంపరల ద్వారా ఇది వ్యాపిస్తుంది గనుక పైనుండి నీరు చల్లడం మానాలి. రాగి మందులను పుచ్ఛాలు రంగు తిరగక ముందే వాడవలెను.

స్ఫాసెలోమా గజ్జి తెగులులో కాండంపైన, ఈనెల వెంబడి ఉబ్బెత్తు పొక్కులు ఏర్పడతాయి. తెగులు సోకిన కొమ్మ మిగిలినవాటికంటే అసాధారణంగా పొడవు సాగడం దీని ప్రత్యేక గుర్తు. బూడిద తెగులులో ఆకులపైన, పుచ్ఛాలపైన తెల్లని పొడిమచ్చలు కనిపిస్తాయి. చల్లని, తేమగల వాతావరణంలో పుచ్ఛాలపై బూడిదరంగు నూగు పెరిగితే అది బొట్రైటిస్.

తెగుళ్ళుగా భ్రమింపజేసే లోపాలు

పుచ్ఛాల అంచులు మాత్రమే మాడడం సాధారణంగా కాల్షియం కొరత లక్షణం. మిశ్రమంలో కాల్షియం ఉన్నప్పటికీ, గాలిలో తేమ అధికమై బాష్పోత్సేకం తగ్గినప్పుడు అది పుచ్ఛాల అంచులకు చేరదు. గాలి ఆడే ఏర్పాటు, చివరి దశలో అమ్మోనియా రూప నత్రజనిని తగ్గించడం, పుచ్ఛాలు రంగు తిరిగే సమయం నుండి 300–400 పి.పి.ఎం. కాల్షియం అందేలా కాల్షియం క్లోరైడ్ పిచికారి చేయడం దీనికి నివారణ. ముందుగా కొన్ని మొక్కలపై పరీక్షించడం మంచిది.

ముదురు ఆకుల అంచులు పసుపు రంగుకు మారి, ఆ తరువాత మాడితే మాలిబ్డినం లోపం. అడుగు ఆకులలో ఈనెల మధ్య భాగం పసుపు రంగుకు మారితే మెగ్నీషియం లోపం. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఉదజని సూచిక 5.5 లేదా అంతకు తక్కువగా ఉంటే నల్లవేరుకుళ్ళు అణగుతుంది. అయితే ఆమ్లత్వం పెరిగినకొద్దీ మాలిబ్డినం మొక్కకు అందదు. కనుక ఒక తెగులు కోసం ఉదజని సూచికను తగ్గించినవారు మాలిబ్డినంను విడిగా అందించవలెను.

రవాణాకై తొడుగులలో బిగించిన మొక్కల ఆకుకాడలు క్రిందికి వాలడం వాటి నుండే వెలువడిన ఎథిలీన్ ప్రభావం. తొడుగు తీసిన తరువాత ఒకటి రెండు రోజులలో అవి చాలావరకు కోలుకొంటాయి. మొక్క పూర్తిగా పచ్చగానే ఉండి రంగు తిరగకపోతే, రాత్రివేళ దానిపై పడే వీధిదీపపు వెలుగును పరిశీలించాలి. ఇది హ్రస్వ దీప్తికాల మొక్క; దీర్ఘమైన, అంతరాయం లేని చీకటి దీనికి తప్పనిసరి.

లోపం నుండి తెగులుకు

ఈ రెండు వర్గాలు పరస్పరం సంబంధం లేనివి కావు. కాల్షియం కొరతతో మాడిన అంచు ద్వారానే బొట్రైటిస్ తరచుగా ప్రవేశిస్తుంది. అప్పుడు బూజును మాత్రమే చూసి మందు కొడితే మూలకారణం అలాగే మిగిలిపోతుంది. ఎథిలీన్ వలన వాలిన కాడలను నీటి ఎద్దడిగా భావించి అదనంగా నీరు పోస్తే పిథియంకు అవకాశం కల్పించినట్లవుతుంది.

దీనికి విపరీతమైన ఉదాహరణ కూడ ఈ మొక్కలోనే ఉన్నది. కుండీ రకాలు గుబురుగా, ఎక్కువ కొమ్మలతో పెరగడానికి కారణం ఒక ఫైటోప్లాస్మా అని 1997లో శాస్త్రవేత్తలు నిరూపించారు. దానిని తొలగిస్తే మొక్క గుబురుతనం కోల్పోతుంది. అంటే సూక్ష్మజీవి ఉన్నంత మాత్రాన అది నివారించవలసిన తెగులు కాదు. సూక్ష్మజీవి లేనంత మాత్రాన మొక్క ఆరోగ్యంగా ఉన్నట్లూ కాదు.

ముగింపు

విస్తరణ శాస్త్రవేత్తలు నర్సరీలో ఈ క్రమాన్ని పాటించడం మేలు: ముందు వేరు, తరువాత కాండం మొదలు, ఆపై లక్షణం ముదురు ఆకుపై ఉన్నదా లేత భాగంపై ఉన్నదా అన్నది, చివరగా అది మొక్కలన్నింటిపై ఒకే తీరుగా ఉన్నదా, అక్కడక్కడ మొదలై వ్యాపిస్తున్నదా అన్నది. ఒకే తీరుగా ఉంటే పోషకం, నీరు, వెలుగు వైపు చూడాలి. వ్యాపిస్తూ ఉంటే నమూనాను ప్రయోగశాలకు పంపాలి. ఈ పరిశీలనకు పట్టే కొద్దిపాటి సమయం, అనవసరపు పిచికారి ఖర్చునే గాక, ఒక్కొక్కప్పుడు ఆ సంవత్సరపు పంటనే కాపాడుతుంది.