ధర తగ్గింది, ఖర్చు తగ్గలేదు

లక్షా పదివేల పౌండ్ల కారు ఇరవై వేలకు వస్తుందంటే మనసు చటుక్కున భాగహారం చేసేస్తుంది. ఐదో వంతు కూడా లేదే! అంతే, ఆ తర్వాత బుర్ర ఇంకే లెక్కా చెయ్యదు. ఇంగ్లండులో ఉద్యోగాలు చేసుకుంటూ స్థిరపడ్డ మనవాళ్లలో కార్ల పిచ్చి ఉన్నవాళ్లకు ఈ తంతు కొత్తేమీ కాదు. 2003లో మార్కెట్లోకి వచ్చిన బెంట్లీ కాంటినెంటల్ జీటీ తొలి కార్లు ఇప్పుడక్కడ ఓ మామూలు కొత్త కారు ధరకే కనిపిస్తున్నాయి. ఆరు లీటర్ల ఇంజిన్, పన్నెండు సిలిండర్లు, రెండు టర్బోలు, 552 హార్స్‌పవర్, గంటకు 318 కిలోమీటర్ల వేగం. పైగా తోలు సీట్లు, చెక్క డ్యాష్‌బోర్డు. ఎవరికి ఆశ పుట్టదు?

పుట్టనివ్వండి. వ్యక్తిత్వ వికాసం అంటే కోరికలు చంపుకోవడమని బోధించేవాళ్ల మీద నాకు పెద్దగా గురి లేదు. కోరిక ఉండాలి, దానికి లెక్కలు కూడా వచ్చి ఉండాలి.

లెక్క ఇక్కడ మొదలుపెట్టండి. పడిపోయిన ఆ తొంభై వేలు మీకు మిగిలిన డబ్బు కాదు, మీకంటే ముందున్న యజమానులు పోగొట్టుకున్న డబ్బు. కారు వెల పడిపోయిందని స్పేర్ పార్టుల వెల పడిపోలేదు, మెకానిక్ గంట కూలీ అంతకన్నా తగ్గలేదు. ఏనుగును కొన్నంత తేలిక కాదు మేపడం. ఈ కారులో ఇంజిన్ చుట్టూ చెయ్యి దూరే సందు ఉండదు. మరో కారులో గంటలో అయ్యే రిపేరుకు ఇందులో చాలాసార్లు ఇంజిన్నే కిందికి దించాలి. పాడైన గొట్టం ఖరీదు చిల్లర డబ్బులే కావచ్చు, దాని దాకా చేరుకునే కూలీతోనే నడ్డి విరుగుతుంది.

అందుకే నా కొలత ఒకటే. కారుకు ఎంత పెడుతున్నారో అందులో కనీసం మూడో వంతు విడిగా, ముట్టుకోకుండా ఉంచగలిగితేనే బేరానికి వెళ్లండి. అప్పు చేసి కొనాలనుకుంటే అసలు వెళ్లకండి. ‘ఇండియా వెళ్లిపోయేటప్పుడు హైదరాబాద్ పట్టుకుపోతా’ అని ఇంట్లో సర్దిచెప్పేవాళ్లూ ఉన్నారు. వాడిన కారు వయసు మూడేళ్లు దాటితే మన దేశంలోకి దిగుమతికి ఒప్పుకోరు. ఇరవై ఏళ్ల కారు సంగతి చెప్పక్కర్లేదు. ఉగాది వేడుకల నాడు హాలు ముందు నలుగురూ చూసేలా ఆపుకోవడానికే అయితే, ఒక రోజుకు అద్దెకు తెచ్చుకోండి. చాలా చవక.

ఇవన్నీ దాటుకుని వచ్చారా? ఇక అమ్మేవాడిని చూడండి, కారును తర్వాత చూద్దురుగాని. సర్వీసు పుస్తకంలో ముద్రలు చూపిస్తే సరిపోదు, బిల్లులు అడగండి. ఏ ఏడు ఏం మార్చారు, ఎంత పోశారు, ఎక్కడ వాయిదా వేశారు, అన్నీ అందులోనే ఉంటాయి. టైర్లు చూడండి. నాలుగు చక్రాలకు నాలుగు కంపెనీల చవక టైర్లున్నాయంటే, కంటికి కనిపించే చోటే పిసినారితనం చూపించినవాడు కనిపించని చోట ఏం చేసి ఉంటాడో ఊహించుకోండి. టైరు పక్కన 2319 అని అంకెలుంటే అది 2019లో 23వ వారం తయారైందని అర్థం. మైళ్లు తక్కువ తిరిగిందని మురిసిపోవడం కూడా తగదు. ఏళ్ల తరబడి షెడ్డులో కదలకుండా నిలబడ్డ బండి కంటే, వేళకు సర్వీసు చేయించుకుంటూ రోడ్డు మీద తిరిగిన బండే నయం.

వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేసి చూడండి. ‘చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి చూస్తాను’ అని ముందే చెప్పినా వేడిగా ఉందంటే, మీరు వచ్చేలోపు ఏదో శబ్దం సర్దుకునేదాకా తిప్పి ఉంచారేమో అడగండి. కారు రాత్రంతా కదలకుండా ఉన్నాక నాలుగు మూలల ఎత్తూ పోల్చి చూడండి. ఒక మూల కుంగితే అక్కడి ఎయిర్ సస్పెన్షన్‌లో గాలి కారుతోందన్నమాట. అలా వదిలేస్తే కంప్రెసర్ ఆగకుండా తిరిగి తిరిగి కాలిపోతుంది. అప్పుడు బిల్లు ఒకటి కాదు, రెండు. ముందు సీటు కింది కార్పెట్ నొక్కి చూడండి, తడి తగిలితే లేచి వచ్చేయండి. నీళ్లు, ఎలక్ట్రానిక్స్ కలిసిన చోట మెకానిక్కులకే దిక్కు తోచదు.

కాగితాల దగ్గర బద్ధకించకండి. బ్రిటన్‌లో ఏటా జరిగే ఎంఓటీ పరీక్షల చరిత్ర నంబరు కొడితే ఉచితంగా దొరుకుతుంది. ఏ ఏడు ఎన్ని మైళ్లు, దేనికి ఫెయిలైంది, ఏమని హెచ్చరించారు, అంతా ఉంటుంది. వీ5సీ పత్రంలో పేరుంటే కారు అతనిదేనని అనుకోవద్దు. అది బండి ఎవరి పేరున నమోదైందో చెబుతుంది, సొంతదారెవరో చెప్పదు. ఫైనాన్స్ బాకీ ఉందేమో విడిగా వాకబు చెయ్యాలి. కారు 2006 మార్చి 23కి ముందు రిజిస్టరైందా, తర్వాతా అన్నది కూడా చూసుకోండి. తర్వాతదైతే రోడ్డు పన్ను బాగా ఎక్కువ. డీలరు దగ్గర కొన్న కారులో లోపం బయటపడితే 30 రోజుల్లోగా తిప్పి ఇచ్చేసే హక్కు 2015 నాటి వినియోగదారుల చట్టం ఇచ్చింది. ఇంటి దగ్గర అమ్మేవాడి విషయంలో ఆ హక్కు లేదు.

ఇంత చదివి వెళ్లినా, తలుపు మూసుకునేటప్పటి ఆ బరువైన చప్పుడు విన్నాక మనిషి మెత్తబడిపోతాడు. అసలు పరీక్ష అక్కడే. కాబట్టి ఒంటరిగా వెళ్లకండి. కార్లంటే మోజు లేని స్నేహితుణ్ని, వీలైతే మీ ఆవిడనో, మీ ఆయననో తీసుకెళ్లండి. ఈ కార్లే బాగుచేసే మెకానిక్ చేత లిఫ్టు మీద పెట్టి చూపించాలని పట్టుబట్టండి. అమ్మేవాడు ఒప్పుకోకపోయినా, ‘సాయంత్రం ఇంకొకళ్లు వస్తున్నారు’ అని తొందరపెట్టినా, నవ్వుతూ దండం పెట్టి వచ్చేయండి. ఇలాంటి కార్లు వేలల్లో తయారయ్యాయి, ఇంకోటి దొరుకుతుంది. మూడు చోట్ల వద్దని తిరిగొచ్చినవాడికి నాలుగో చోట బేరమాడే గొంతు దానంతటదే వస్తుంది.

కొన్నారా, ఇక కవరు కప్పి దాచుకోకండి. ఇది దూర ప్రయాణాలకు పుట్టిన బండి. వారానికోసారైనా మోటార్‌వే ఎక్కించి ఇంజిన్ బాగా వేడెక్కేదాకా నడపండి. డిక్కీ వైపు రెండు బ్యాటరీలున్నాయి. వాటిలో ఛార్జి తగ్గితే డ్యాష్‌బోర్డు లేనిపోని తప్పులన్నీ చూపించి హడలగొడుతుంది. బండి ఆగి ఉన్న రోజుల్లో వాటికి చిన్న ఛార్జర్ తగిలించి ఉంచండి.